ఆమె ముందల చదువుతవా?

అక్క పోయిందన్న కబురు నాకు ఫోన్‌లో ఫోటోగా వచ్చింది. చుట్టూ బంతిపూల చట్రం, కింద రెండు దీపాలు, మధ్యలో అక్క. కుర్చీలో కూర్చుని ఉంది. అది చూడగానే నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. నాలుగేళ్లు ఆమె పక్కన పనిచేశాను, ఆమె కుర్చీలో కూర్చోగా చూసింది ఒక్కసారే. ఆ ఒక్కసారి సంగతి తరవాత చెప్తాను. ఈ మనిషిని పట్టుకొచ్చి ఎవరు కూర్చోబెట్టారు అందులో, అని వంటింట్లో నిలబడి ఎవరినో తిట్టుకున్నాను. ఏడుపు తరవాత వచ్చింది, గిన్నెలు తోముతుంటే.

మర్నాడు సంస్థ నుంచి ఫోన్. ఇబ్రహీంపట్నం బస్ డిపో వెనక వీధిలో, ఒక ఇంటి మేడ మీద ఉంటుంది ఆ సంస్థ. పల్లెల్లో పిల్లల పెంపకం ఎలా సాగుతోంది, ఇళ్లలో ఏం మాట్లాడుకుంటారు, బడికి ముందే పిల్లలు ఏం నేర్చుకుంటారు అని ఊరూరా తిరిగి తెలుసుకుని రాయడం, ఆ తెలిసిన దాన్ని అంగన్‌వాడీ టీచర్లకు శిక్షణగా ఇవ్వడం వాళ్ల పని. నేనూ అక్కడే పని నేర్చుకున్నాను. ఇప్పుడు నగరంలో ఇంకో చోట అదే పని చేస్తున్నాను, ఏసీ గదిలో కూర్చుని.

"మేడమ్, అక్క యాదిల చిన్న పుస్తకం ఏస్తున్నం. మీరు రెండు పేజీలు రాయాలె. శుక్రవారం లోపల గావాలె," అంది ఇప్పటి ఇన్‌చార్జి అమ్మాయి.

రాయడానికి కూర్చున్నాను. 'నిరాడంబరతకు మారుపేరు, పసిపిల్లల పాలిట కల్పవల్లి' అని మొదలుపెట్టాను. ఇలాంటి వాక్యాలు నాకు మంచినీళ్లు తాగినంత సులువుగా వస్తాయి, నా ఉద్యోగమే అది. మూడో వాక్యం దగ్గర చెవిలో అక్క గొంతు వినిపించింది.

"గిది ఆమె ముందల చదువుతవా?"

కాగితం నలిపి పారేశాను.

ఆమె ఎక్కడ పుట్టింది, ఎంత చదివింది, ఎన్నేళ్లు పనిచేసింది అన్నవి నన్ను అడగకండి. మంచాల వైపు పల్లె అనీ, చర్చి వాళ్ల బడిలో చదువుకుందనీ తెలుసు. అంతకంటే అడిగితే, "నన్నే సర్వే చేస్తున్నవా? ఫారం ఏది, తే," అనేది. అందరూ అక్క అనేవారు. ఆమె కంటే పెద్దవాళ్లూ అక్క అనే అనేవారు. నేనూ అంతే.

నేను చేరేనాటికి తెలంగాణ వచ్చిన కొత్త. మా నాన్న గుంటూరు వైపు నుంచి వచ్చి వనస్థలిపురంలో ఇల్లు కట్టుకున్నారు. నేను పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే, కానీ మా ఇంటి మాట మాత్రం కృష్ణ అవతలే ఉండిపోయింది. సాగర్ రోడ్డు మీద బస్సెక్కి, శేరిగూడ దగ్గర ఇంజినీరింగ్ కాలేజీ బస్సుల మధ్య ఇరుక్కుని, మొదటి రోజే అరగంట ఆలస్యంగా మేడ మెట్లెక్కాను. "క్షమించండి, ఆలస్యమైందండీ, నేనండీ, కొత్తగా చేరిన అమ్మాయినండీ," అన్నాను ఒగరుస్తూ. చాప మీద కూర్చుని కాగితాలు సర్దుకుంటున్న సన్నటి మనిషి తలెత్తింది. కళ్లద్దాల కాడ ఒకటి విరిగితే నల్లదారంతో కట్టుకుంది.

"ఎన్ని అండీలు తెచ్చినవే బిడ్డా! ఒక్కటి నాకిచ్చి మిగిలినయి దాసుకో. నెలాఖరుల పనికొస్తయ్," అంది.

అందరూ నవ్వారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూసి జరిగి, తన ఎడమ పక్కన చోటిచ్చింది. ఆమెకు కుడి చెవి వినపడదు. ఆమెతో మాట్లాడదలచుకున్నవాళ్లు ఎడమ పక్కనే కూర్చోవాలి. ఆఫీసులో కొత్తవాళ్లు మొదట నేర్చుకునే పాఠం అదే.

పెన్ను ఎప్పుడూ కొప్పులో ఉండేది. ఉందని మరిచిపోయి సంచి అంతా కుమ్మరించి వెతుక్కునేది. కానీ ఊళ్లోకి వెళ్లాక మాత్రం ఆ పెన్ను కొప్పు దిగేది కాదు. ఎవరి ముందూ రాసుకోవద్దు అనేది. ఏదైనా ఇంటికి వెళ్తే ముందు చుట్టూ చూసేది, చెయ్యడానికి పనేముందా అని. చాటలో బియ్యం ఉంటే ఏరేది, చిక్కుడుకాయలుంటే ఈనెలు తీసేది. ఏదీ లేకపోతే చీపురు అందుకునేది. కుర్చీ వేస్తే దాని పక్కన నేల మీద కూర్చునేది. మాట ఆ తరవాతే మొదలయ్యేది.

"చేతులు ఖాళీగ పెట్టుకొని అడిగితె పోలీసోళ్లు అనుకుంటరు. చేతుల పని ఉంటె సుట్టాలు అనుకుంటరు," అని నాకు చెప్పింది. నేను మొదటిసారి చాట పట్టుకుంటే ఆ ఇంటి ముసలమ్మ కాసేపు చూసి, "ఇటు తే తల్లీ, రాళ్లుంచి బియ్యం పారేస్తున్నవ్," అని లాక్కుంది. ఆ పూట అక్క నన్ను ఆటపట్టించడానికి బస్సు ప్రయాణమంతా సరిపోయింది. రాసుకోవడం కూడా బస్సులోనే. మంచాల నుంచి ఇబ్రహీంపట్నం వచ్చేలోగా విన్నదంతా కాగితం మీదికి ఎక్కాలి. ఇళ్ల ప్లాట్ల వెంచర్ల తోరణాలు, రంగుజెండాలు, పెద్ద చెరువు కట్ట కిటికీలోంచి వెళ్లిపోతుంటే, గతుకులకు కొక్కిరిబిక్కిరిగా రాసుకునేవాళ్లం. నా దస్తూరీ అప్పుడు పాడైంది, ఇప్పటికీ బాగుపడలేదు.

శిక్షణ తరగతుల్లో మొదటి గంట ఆమెదే. చుట్టుపక్కల ఊళ్ల అంగన్‌వాడీ టీచర్లు చాపల మీద కూర్చుని, పోషణ అనీ మెదడు ఎదుగుదల అనీ రాసుకోవడానికి నోటుపుస్తకాలు తెరిచి పెట్టుకునేవారు.

"మూయుండ్రి. పొద్దుగాల నుంచి మీ పిల్లలను ఏమేం తిట్టిండ్రో చెప్పుండ్రి," అనేది.

ఒకసారి ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మూడేళ్ల కూతుర్ని "నా సవతీ, నా మొగుడు ముందే తింటడు, నువ్వు ఆఖరుకు తింటవా" అన్నానంది. గది గొల్లుమంది. ఇక ఒకరి మీద ఒకరు పోటీ. అంతా అయ్యాక అక్క అనేది: "తిట్టు తిట్టే. గాని ఎంత పొడుగున్నదో చూడుండ్రి, ఎన్ని మాటలున్నయో. కోడిపిల్ల నూకలు ఏరినట్టు పిల్ల గా మాటలన్ని ఏరుకుంటది. తిట్టకుండ్రి అని నేను చెప్త, మీరు వినరు. జర నడుమ నడుమ ముద్దు మాటలు గూడ ఎయ్యుండ్రి."

ఒక మాటంటే మాత్రం ఆమెకు ఒళ్లు మంట. 'అవగాహన లోపం.' మా రంగంలో ఆ మాట లేని నివేదిక ఉండదు. తల్లులలో అవగాహన లోపం, కుటుంబాలలో అవగాహన లోపం. ఒకసారి నగరం నుంచి వచ్చిన పెద్దాయన ప్రొజెక్టరుతో గోడ మీద బొమ్మలు వేసి చూపిస్తూ ఆ మాట నాలుగోసారి అనగానే వెనక నుంచి అక్క లేచింది.

"సారూ, అవగాహన ఎవలకు లేదు? ఆమెకు మన గురించి లేదా, మనకు ఆమె గురించి లేదా?"

టీ తాగేటప్పుడు అక్క ఆయన గ్లాసులో తనే ఇంకో చెంచా చక్కెర వేసి, "ఫికర్ చెయ్యకుండ్రి సారూ, అందరికీ అంటుకున్న రోగమే," అంది. ఆమెకు చాయ్‌లో చక్కెర ఎక్కువుండాలి. ఎదుటివాళ్లకీ ఉండాలనుకునేది.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. ఏ నివేదికైనా సరే, నగరానికి పంపే ముందు, ఎవరి గురించి రాశామో వాళ్లకు చదివి వినిపించాలి. అది అక్క పెట్టిన కట్టుబాటు. ఇంకెక్కడా లేదు, నేను తరవాత పనిచేసిన చోట్ల ఎక్కడా చూడలేదు. పత్తి చేల నుంచి ఆడవాళ్లు తిరిగొచ్చే వేళకు అంగన్‌వాడీ ముందు చాపలు పరిచి, అక్క పేజీ తరవాత పేజీ చదివేది. ఎవరూ ఊరికే వినేవారు కాదు. "అబద్ధం! గా మాట మా కోడలు అనలే, నేనే అన్న," అని ఒక ముసలమ్మ లేచేది. "మా ఆయన తాగుతడని రాసినవ్, ఎందుకు తాగుతడో రాయలే," అని ఇంకొకామె నిలదీసేది. అప్పుడు మాత్రం అక్క కొప్పులోంచి పెన్ను బయటికొచ్చేది. అందరూ చూస్తుండగా కొట్టేసి, తిరగరాసి, మళ్లీ చదివేది. ఒక్కో పేజీకి గంట పట్టేది. బాగుంది అని ఎవరైనా అనగా నేను వినలేదు.

మేము రాసిన చిత్తుప్రతుల్లో ఆమెకు నచ్చని వాక్యం కింద గీత గీసి ఇచ్చేది. తప్పేమిటో చెప్పేది కాదు. ఒకటే ప్రశ్న. "గిది ఆమె ముందల చదువుతవా?" చదవలేనని మనకే తెలిసిపోయేది.

మూడో ఏట చలికాలంలో, తల్లులు మూడేళ్లలోపు పిల్లలతో ఎంత మాట్లాడతారో చూసే పని వచ్చింది. ఒక్కో ఇంట్లో మూడు పొద్దులు కూర్చోవాలి. మంచాల అవతల ఒక పల్లెలో, నీలం తలుపు ఇల్లు నా వంతుకు వచ్చింది. చిన్న వయసు తల్లి, పత్తి ఏరడానికి వెళ్తుంది. రెండున్నరేళ్ల కూతురు, ఇంకా సరిగ్గా మాటలు రాలేదు, పొద్దస్తమానం ఒక మేకపిల్ల వెంట తిరుగుతుంది. అత్త ఉంది. మూడు పొద్దులూ చూశాను. ఆ తల్లి పిల్లకు తినిపించింది, కడిగింది, జడ వేసింది. నోరు మాత్రం విప్పలేదు. విన్న మాటలు నా వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు.

వచ్చి రాశాను. నాకింకా కంఠతా వచ్చు. 'ఈ తల్లి బిడ్డతో దాదాపుగా మాట్లాడదు. బిడ్డకు మాట ఆలస్యమైతే కారణం వెతకడానికి ఇంటి గడప దాటనక్కరలేదు.' రెండో వాక్యం చూసుకుని మురిసిపోయాను. నగరం ఆఫీసు వాళ్లు చిత్తుప్రతి చూసి ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నారు. సోమవారానికల్లా మొత్తం పంపమన్నారు.

అక్క ఆ వారం కన్ను ఆపరేషన్‌కు నగరంలో దవాఖానలో ఉంది. ఊళ్లో చదివి వినిపించే పని నాకు అప్పగించి వెళ్లింది. పత్తి కాలం, అందరూ దొరకాలంటే రెండు మూడు సాయంత్రాలు తిరగాలి. సోమవారం దగ్గరపడుతోంది. అదంతా సాకే. ఆ రెండో వాక్యాన్ని ఎవరైనా కొట్టేయమంటారేమోనని నా భయం. నేను వెళ్లలేదు.

ఆదివారం దవాఖాన నుంచి ఫోన్ చేసింది.

"పోయినవా? చదివినవా?"

"చదివానండి."

"ఏమన్నరు?"

"బాగుందన్నారండి."

"బాగున్నదన్నరా," అంది. తరవాత "సరే బిడ్డా" అని పెట్టేసింది.

నగరం వాళ్లు నా పేరాను నివేదికలో ఉంచి ఊరుకోలేదు. 'ఒక తల్లి కథ' అని పేరు పెట్టి, ఆమె పేరు మార్చి, కరపత్రం వేసి అంగన్‌వాడీలన్నిటికీ పంపారు. పేరు మారిస్తే మాత్రం ఏం లాభం? కరపత్రంలో ఉన్నట్టు మాట రాని పిల్లా, ఆ పిల్ల వెంటపడి తిరిగే మేకపిల్లా ఉన్న ఇల్లు ఆ ఊరికంతటికీ ఒకటే. ఏమీ తెలియని టీచరు తల్లుల సమావేశంలో దాన్ని గట్టిగా చదివింది. నీలం తలుపు ఇంటామె మధ్యలో లేచి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి పిల్లను అంగన్‌వాడీకి పంపడం మానేసింది. ఇంట్లో అత్త, "నీ వల్లనే పిల్లకు మాట రాలేదని కాయితమెక్కింది," అని మొదలుపెట్టిందట.

చూపు కుదురుకునేదాకా నెల రోజులు నగరంలోనే ఉండి, అక్క నల్ల కళ్లద్దాలతో తిరిగొచ్చిన రోజే ఈ కబురు వచ్చింది. సంచి భుజాన వేసుకుని "నడువు" అంది.

మమ్మల్ని చూడగానే ఆ తల్లి లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. గడప బయట గంపలో అనపకాయలున్నాయి. అక్క కింద కూర్చుని ఒలవడం మొదలుపెట్టింది. నేనూ కూర్చున్నాను. దాదాపు గంపెడూ అయిపోవచ్చింది. అప్పుడు తలుపు వెనక నుంచి మాట వచ్చింది.

"గామెను ఎందుకు తోలుకొచ్చినవ్ అక్కా? మొదటి దినం నా పిల్లకు బుక్కలు పెట్టుకుంట ఏదో అన్న. నా మాట విని నవ్వింది. నా మాట గంత మోటుగున్నదా అనుకున్న. పట్నపోళ్లు నవ్వుకుంటరని గప్పటి సంది నోరు తెరవలే. ఈమె అటు పోంగనే మేమిద్దరం మస్తు మాట్లాడుకుందుము. మూడు పొద్దులు నా ఇంట్ల నేను మూగదాన్నైన. గదే రాసిండ్రు మీరు."

నేను నవ్విన మాట నిజం. బుక్క అంటే ముద్ద అని అప్పుడే తెలిసింది. ముచ్చటపడి నవ్వానని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. ఆ నవ్వులో ముచ్చట ఒక పాలే. మిగతా పాళ్లు ఏమిటో నాకు తెలుసు, ఆమెకూ తెలిసింది.

అక్క కొప్పులోంచి పెన్ను తీసింది. ఒక కన్నుతోనే చూస్తూ ఆమె చెప్పినదంతా రాసి, తలుపుకేసి చదివింది. "సరిగున్నదా?"

"మూగదాన్నైన అని పెట్టకు. నోరు కట్టుకున్న అని పెట్టు," అంది లోపలి గొంతు.

అక్క దిద్దింది. తరవాత అంది: "మీకు చదివి వినిపించినంకనే కాయితం ఊరు దాటాలె. వినిపియ్యకుండ పంపిన. గది నా తప్పు బిడ్డా. ఎవ్వలది గాదు, నాదే."

నేను పక్కనే ఉన్నాను. నా ఒడిలో అనపగింజలు. నోరు విప్పలేదు.

తిరుగు ప్రయాణంలో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. నేను పక్క సీట్లో. చాలా దూరం వచ్చాక, "అక్కా, నేను చదవలేదు. చదివానని మీకు అబద్ధం చెప్పాను," అన్నాను. ఆమె సంచిలోంచి జామకాయ తీసి, విరిచి, ఉప్పు అద్ది సగం నా చేతిలో పెట్టింది. బయటికి చూస్తూ తన సగం తింది. దిగాక గమనించాను, నేను ఆమెకు కుడి పక్కన కూర్చున్నాను. తెలియక కూర్చున్నానో, తెలిసే కూర్చున్నానో ఇప్పటికీ చెప్పలేను. ఎడమ పక్క నుంచి ఆ మాట మళ్లీ ఎన్నడూ చెప్పలేదు.

ఆ తరవాత నగరంలో సమావేశం. కరపత్రం వెనక్కి తీసుకోవాలని పట్టుబట్టి అక్కే పెట్టించింది. ఆమెను ముందు వరసలో కుర్చీలో కూర్చోబెట్టారు. నేను చూసిన ఆ ఒక్కసారి అదే. కాళ్లు నేలకు ఆనక, బడిపిల్లలా సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కరపత్రం ఆపడానికి ఒప్పుకున్నారు. ఒక పెద్దాయన మాత్రం, "చదివి వినిపించాలన్న నియమం మీరు పెట్టిందే కదా, మీరే తప్పారా?" అని అడిగాడు.

"అవ్ సారూ. నేనే తప్పిన."

రెండో వరసలో నేను మంచినీళ్ల సీసా మూత తిప్పుతూ కూర్చున్నాను. లేచి ఒక్క ముక్క చెబితే సరిపోయేది. లేవలేదు. పరిశోధన పని అక్క చేతిలోంచి తీసేసి, శిక్షణ ఒక్కటే ఉంచారు. ఊళ్లు తిరగడం ప్రాణంగా ఉన్న మనిషిని మేడ మీద కూర్చోబెట్టారు. ఏడాది తిరగకుండా నాకు నగరంలో ఉద్యోగం వచ్చింది. ఆ రెండో వాక్యంలాంటివి బాగా రాస్తానన్న పేరు మీదే వచ్చింది. అక్క డిపో దాకా వచ్చి బస్సెక్కించింది. కిటికీలోంచి జామకాయలు అందిస్తూ, "ఎప్పుడన్న రాస్తె చదువుడు మర్వకు," అంది. "అలాగేనండీ" అన్నాను. "ఇంక అండీలు అయిపోలేదా నీ తాన?" అని నవ్వింది.

అందుకని గురువారం ఈ కాగితాలు పట్టుకుని ఆ ఊరు వెళ్లాను. అక్క లేదు, ఆమె ముందు చదవలేను. ఇందులో ఉన్న ఇంకొకామె ఉంది కదా.

బస్సు దిగి దారి అడిగితే బడి దుస్తుల్లో ఉన్న ఒక అమ్మాయి ముందు నడిచింది. నేను ఎవరు, ఎందుకొచ్చాను, బస్సులో సీటు దొరికిందా, మా ఇంట్లో మేకలున్నాయా అని అడుగుతూ, నేను జవాబు చెప్పేలోగా తనే చెప్పేసుకుంటూ, ఊరి ముచ్చట్లన్నీ ఊపిరి తిప్పుకోకుండా వినిపించింది. నీలం తలుపు ముందు ఆగి, "అమ్మా, నీ కోసం ఎవలో అచ్చిండ్రు," అని అరిచింది.

ఆమె నన్ను గుర్తుపట్టింది. తలుపు వేసుకోలేదు. "కూసో," అంది. కుర్చీ వేసింది. నేను దాని పక్కన నేల మీద కూర్చుని చుట్టూ చూశాను. మెంతికూర కట్ట ఉంటే ఆకులు తుంచడం మొదలుపెట్టాను. ఎందుకొచ్చానో చెప్పాను. కాగితాలు తీశాను. 'చదివానండి' అన్న చోటికి వచ్చేసరికి ఆగిపోయాను. ఎంత ప్రయత్నించినా ముందుకు సాగలేదు.

"ఇటు తే, నేను చదువుత," అని పిల్ల నా చేతిలోంచి లాక్కుంది. మాట రాదని నేను రాసిన పిల్ల, బడిలో పద్యం చదివినట్టు గొంతెత్తి చదివింది. కరపత్రం, తలుపు, అనపకాయలు అన్నీ అయ్యాయి. మధ్యలో ఒకసారి ఆగింది.

"అమ్మా, గీ అమ్మ నువ్వేనా?"

"అవ్, నేనే. ఆపకు, చదువు."

అంతా విన్నాక ఆమె మెంతాకులు గిన్నెలోకి తీసుకుంది. "అక్కకు ఎర్కనే," అంది.

"ఏది?"

"నువ్వు చదవలేదని. దవాఖానల ఫోన్ పెట్టంగనే ఎర్కయిందంట. చదివుంటె మేము వంద వంకలు పెడ్తుంటిమి, నువ్వు అక్క తోటి మొత్తుకుంటుంటివి, బాగున్నదన్నరు అన్నవంటె నువ్వు పోనే లేదు అనుకున్నదంట. మస్తుసార్లు అచ్చింది అక్క మా ఇంటికి. నీ మీద నాకు కోపం పోలేదంటె గప్పుడు చెప్పింది. గా పిల్ల ఒక దినం చదువుటానికొస్తది, గప్పుడు తలుపు ఎయ్యకు అన్నది."

కుడి పక్కన కూర్చుని చెప్పినా ఆమె విన్నదన్నమాట. నేను చెప్పకముందే విన్నది. నేను ఏడ్చాను, సిగ్గు లేకుండా, ఆ పిల్ల నోరు తెరుచుకుని చూస్తుండగానే ఏడ్చాను. ఆమె నీళ్లిచ్చింది. తాగేదాకా ఊరుకుని, కాగితాల మీద వేలు పెట్టింది.

"ఒక్కటి తప్పున్నది. మాది పచ్చ తలుపు అని రాసినవ్. మా తలుపు పచ్చగ ఎన్నడున్నది? గప్పుడు నీలమే, ఇప్పుడు నీలమే. మూడు పొద్దులు దాని ముందలనే కూసున్నవ్."

తల తిప్పి చూశాను. నీలం.

పెన్ను తీసి, ఆమె చూస్తుండగా పచ్చ అని ఉన్న ప్రతిచోటా నీలం అని దిద్దాను. పిల్ల ఆ వాక్యాలు మళ్లీ చదివింది.

"ఇగ పంపు," అంది ఆమె.